మూట అందుకున్న చెయ్యి

నాలుగు దాటి రెండు నిమిషాలు, ఈపాటికి సతీష్ గాల్లోకి లేచుంటాడు, చక్రాలు నేలను వదిలేసి ఉంటాయి, నాగార్జునసాగర్ అవతలి ఆ పాత రన్‌వే మీద ఎండకు పగుళ్ళిచ్చిన సిమెంటు పలకలు వాడి కాళ్ళ కిందనుంచి వెనక్కి జారిపోయి ఉంటాయి అనుకున్నాడు అన్సార్, జగ్గయ్యపేట బస్టాండు మలుపులో పై కడ్డీ పట్టుకుని ఊగుతూ. నలభై ఏళ్ళుగా లారీలకూ ట్రాక్టర్లకూ సీట్లు కుట్టిన మనిషికి ఈ బస్సులో సీటు దొరకలేదు. మామూలు రోజయితే ఆ ఒక్కటి చాలు, నందిగామ దాకా నములుతూ పోయేవాడు, మన రాత ఇంతేరా, కుట్టేవాడు ఒకడు కూర్చునేవాడు ఇంకొకడు అని. ఇవాళ ఆ చేదు గొంతు దాకా వచ్చి, పనేమీ లేనట్టు తిరిగి కిందకి పోయింది. వింతగా ఉంది. భుజాన సంచి, సంచిలో భార్య హఫీజున్నీసా పొద్దున్నుంచీ అట్లకాడ వదలకుండా తిప్పి చేసిన గుమ్మడికాయ హల్వా గిన్నె, ఆ వేడి పక్కటెముకలకు హాయిగా తగులుతోంది. "రాజ్యశ్రీ గారికియ్యి. ఆయన నేల మీదకి దిగాడని ఫోనొచ్చాకే మూత తియ్యమను. ముందు తీశారని తెలిస్తే నేనూరుకోను" అంది గుమ్మం దాకా వచ్చి. తనసలు మూడున్నరకే నందిగామలో ఉండాల్సింది, వాడు పైనుండే ఆ గంటా వాడి భార్య రాజ్యశ్రీ పక్కన కూర్చుంటానని మాటిచ్చాడు. లారీ డ్రైవరొకడు సరిగ్గా మూడింటికి సీటు కింద స్ప్రింగు పొడుచుకుంటోందని వచ్చి కూర్చున్నాడు. ముందు సీటులో రెక్సిను చిరిగి స్పాంజి బయటికొచ్చింది, ఎవడు కుట్టాడో, అంగుళానికి మూడు కుట్లు, ఇదీ ఒక పనేనా. అయినా తిట్టుకోబుద్ధి కాలేదు. పోనీలే, వాడికీ పెళ్ళాం పిల్లలుంటారు.

పైన ఒక మనిషి ఒంటరిగా ఉన్నాడు. తన మనిషి. అదే వింత. సతీష్‌బాబు తన మనిషి ఎప్పుడయ్యాడు? నందిగామ హైస్కూల్లో ఏడో తరగతిలో ఒకే బల్ల. ఎనిమిదిలో దసరా సెలవుల తర్వాత ఆ బల్ల మీద అన్సార్ లేడు, నాన్నకి చూపు తగ్గి సూదిలో దారం ఎక్కక, జగ్గయ్యపేట షాపులో మిషను ముందు కూర్చున్నాడు, కాళ్ళు పెడలుకి సరిగ్గా అందేవి కావు. వాడేమో చదివాడు, చదివి చదివి ఎయిర్‌ఫోర్సుకి పోయాడు, తర్వాత జనాన్ని మోసే పెద్ద విమానాలు నడిపాడు, కెప్టెన్ అన్నారు, పేపర్లో ఫొటో వేశారు. ఆ పేపరు ముక్కతోనే ఒకరోజు మిషను నూనె తుడిచాడు తను, కావాలనే. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత, మొన్న మాఘమాసంలో, బట్టతలా పొట్టా వేసుకుని షాపు ముందు కారాపి దిగాడు.

"ఏరా అన్సారూ, గుర్తుపట్టావా?"

"పట్టకేం. ఏడో తరగతిలో నా లెక్కల నోటుబుక్కు పట్టుకుపోయావు. తెచ్చావా?"

"ఆ లెక్కలతోనేరా ఇన్నాళ్ళూ విమానాలు నడిపింది" అన్నాడు వాడు, నవ్వకుండా. అక్కడ దెబ్బ తిన్నాడు అన్సార్. తిట్టడానికి నలభై ఏళ్ళుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా దేనికీ పనికిరాకుండా పోయాయి.

బస్సు చిల్లకల్లు దాకా వచ్చి హైవే ఎక్కింది. సున్నపురాయి లారీలు ఒకదాని వెనకొకటి, చెట్ల మీద ఆకు కనపడకుండా సిమెంటు దుమ్ము, మొన్నటి వానకి సగం కడిగి వదిలేసినట్టుంది. ఆ సగం ఆకుపచ్చ ఎంత బాగుందో. ఈ దారిన వెయ్యిసార్లు పోయుంటాడు, దుమ్మే చూశాడు. వాడు రమ్మన్నాడని చందర్లపాడు వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న వెంకటరత్నం గారి మిరపకాయల గోడౌను. పాతికేళ్ళ ఘాటు గోడలకి పట్టుకుని ఉంది. దాని నడుమ, పుట్లకొద్దీ మిర్చి పోసిన చోట, ఒక విమానం. నిజం విమానం. ఒక్కడే కూర్చునేది, మనిషి భుజాల ఎత్తు, ముక్కు సన్నగా, రెక్కలు పొట్టిగా, నిలబెట్టి ఉంచినా పరిగెత్తబోతున్నట్టే. ఏడేళ్ళుగా ముక్కలు తెప్పించుకుని, రివెట్టు రివెట్టు తనే కొట్టుకుంటూ చేశాడట. గంటకి మూడు వందల కిలోమీటర్లు పోతుందట. దానికి సీటు కుట్టాలి. అన్సార్ ఆ ఇరుకు తొట్టిలోకి వంగి జానలతో అడ్డం కొలిచాడు, రెండున్నర జానలు, కొలుస్తూ తుమ్మాడు, పక్కనుంచి వాడు తుమ్మాడు, ఇద్దరూ ఆగకుండా తుమ్ముతూనే ఉన్నారు.

"తుమ్మితే ప్రయాణం మానుకోవాలంటారుగా మీవాళ్ళు."

"మావాళ్ళు ఈ గోడౌన్లో పుట్టి పెరిగార్రా. ఆ లెక్కన గుమ్మం దాటకూడదు."

సీటయితే కుట్టాడు. నిప్పంటుకోని గుడ్డ కావాలంటే తెప్పించి, అంగుళానికి ఏడు కుట్లు వేసి, చేతులు నొప్పెట్టేలా కుట్టాడు. అక్కడితో అయిపోవాల్సింది. ఆ రోజు టీ తాగుతూ ఊరికే అడిగాడు, పైన ఇంజను చెడితే ఏం చేస్తావురా అని. ఇంజను ఆగితే ఏ చేలోనో దింపుతా, అదేం పెద్ద సంగతి కాదు, రెక్కో తోకో విరిగినా మంటలొచ్చినా దిగిపోవాలి, అన్నాడు వాడు, బస్సు దిగిపోవాలి అన్నంత తేలిగ్గా. యుద్ధ విమానాల్లోనయితే పిడి లాగితే సీటే మనిషిని పైకి విసిరేస్తుంది. "ఇందులో అట్లాంటిదేం లేదు. మనమే లేవాలి, మనమే దూకాలి. మూత, బెల్టు, బయటికి, రింగు. నాలుగే." పైన మూత విడగొట్టి గాలికి వదిలెయ్యాలి, సీటు బెల్టు విప్పాలి, అంచు మీదనుంచి బయటికి దొర్లాలి, రెక్కా తోకా దాటాక వీపున ఉన్న పారాచూట్ గొడుగు రింగు లాగాలి. ఆ గొడుగు సంచిని చూసి హఫీజున్నీసా "ఇదేంటి, చాకలి మూటలా ఉంది" అంది. ఆ రోజునుంచీ ముగ్గురికీ అది మూటే అయింది.

అన్సార్‌కి బాగా పట్టుకుంది మాత్రం ఇంకో ముక్క. మొదటిసారి ఎగరబోయే రోజు కోసం రాసుకున్న కాయితం ఒకటి చూపించాడు వాడు. ఆరు వేల అడుగుల ఎత్తులో విమానాన్ని తిప్పి చూసే పనంతా చేస్తాడు. తేడా వస్తే సరిచెయ్యడానికి చూస్తాడు, మూడు వేల అడుగుల దాకా. మూడు వేలు వచ్చేసరికి చేతికి రాకపోతే ఇంక చూడడు, దిగిపోతాడు. రాసి, గీత గీసి, సంతకం పెట్టుకున్నాడు. ఎవరికోసం సంతకం? "నాకోసమే. పైన ఉన్నప్పుడు అడిగితే మనసు ఒప్పుకోదురా. ఏడేళ్ళు చేశాను కదా, ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అంటుంది. ఆ క్షణాల్లోనే పోతారు జనం. అందుకే కింద ఉండగానే తేల్చుకోవాలి." ఆ మాట వినగానే లారీ తోలిన తన అన్న రెహమాన్ గుర్తొచ్చాడు. శ్రీశైలం ఘాటులో బ్రేకు పోయినప్పుడు లారీలోంచి దూకి, కాలర్‌బోన్ విరిగి, బతికి, ఇప్పుడు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర టీ హోటలు పెట్టుకుని హాయిగా ఉన్నాడు. ఓనరు లారీని వదిలేశాడన్నాడు, చేతగానివాడన్నాడు, ఇంకెప్పుడూ పన్లోకి రానివ్వలేదు. అన్న మాత్రం దానికి ఒక్కరోజు బాధపడలేదు. "బ్రేకు పోయాక ఆలోచించేవోడు దూకడురా తమ్ముడూ. తాళం తిప్పేటప్పుడే అనుకోవాలి, ఇయ్యాల దూకాల్సొస్తే దూకుతా అని. నేను రోజూ అనుకునేవోణ్ణి. చెయ్యే తలుపు తీసింది, నేను గాదు." ఎనిమిదో తరగతి గడప దాటని అన్నదమ్ములకి తెలిసిందీ, ఆకాశమంతా తిరిగిన కెప్టెన్ కాయితం మీద రాసుకున్నదీ ఒకటే. ఆ రోజు అన్సార్‌కి లోపల ఎక్కడో ఒక కుట్టు సరిగ్గా పడింది.

"మరి నీ చెయ్యికి నేర్పావా?" అని అడిగాడు.

"నేర్పాలి" అన్నాడు వాడు, మోకాలు రాసుకుంటూ.

అట్లా మొదలయ్యాయి ఆదివారాలు. మూడు నెలల ఆదివారాలు. షాపు వెనక షెడ్డులో అన్సారే ప్లైవుడ్డుతో తొట్టి చేశాడు, రెండున్నర జానల అడ్డం, పైన మూతకి పాత ఫ్రిజ్జు తలుపు, లోపల తను కుట్టిన సీటుకి జతగా ఇంకో సీటు, లారీ బెల్టులు, పక్కన పడటానికి ఫోము ముక్కలన్నీ కూరి కుట్టిన ఆరడుగుల పరుపు. అన్సార్ మిషను ముందు కూర్చుని పెడలు తొక్కుతూ లెక్కపెట్టేవాడు, గడియారం నమ్మడు, నలభై ఏళ్ళుగా అతని కాలు ఒకే తాళంలో ఆడుతోంది. మొదటి ఆదివారం పద్నాలుగు లెక్క. ఫ్రిజ్జు తలుపు నెత్తిన పడింది. బెల్టు కొక్కెం దొరక్క వాడు తడుముకుంటుంటే "సూదిలో దారమెక్కిస్తున్నావా కెప్టెనూ, విమానం కూలి, దినం కూడా అయిపోయింది" అని అరిచాడు. ఆ మాటకి హఫీజున్నీసా లోపల్నుంచి వచ్చి తిట్టింది, శుభమా అని ఆదివారం పూట దినాలేమిటని. ఎంత సుఖం. యాభై రెండేళ్ళ వయసులో, పెద్ద చదువులవాణ్ణి, ఇది చెయ్యరా అట్లా కాదురా అని అరవడం, వాడు చెమటలు కక్కుతూ "ఇంకోసారి లెక్కపెట్టు" అనడం. పన్నెండు. తొమ్మిది. ఎనిమిది దగ్గర నాలుగు వారాలు ఆగిపోయింది. తర్వాత ఏడు. వాడు తొట్టిలో లేచి నిలబడగానే లెక్క ఆపేవాడు తను, లేచొచ్చి అంచు దగ్గర చేతులు చాచేవాడు, వాడు మూట విప్పి అందించేవాడు, అందుకుని పక్కన పెట్టి, జబ్బ పట్టుకుని పరుపు మీదకి దించేవాడు. వెంటనే టీ. టీలో ముంచిన ఉస్మానియా బిస్కెట్టు విరిగి కప్పులో పడితే ఇద్దరూ ఒకేలా విసుక్కునేవాళ్ళు, ఏడో తరగతిలోలాగే.

పోయిన ఆదివారం ఆరు. అదే రోజు రాజ్యశ్రీ కూడా వచ్చింది, షెడ్డు గుమ్మంలో నిలబడి చూసింది, చెప్పులు కూడా విడవలేదు. మొగుణ్ణి ఏమీ అడగలేదు. "అన్నయ్యా, విమానం సంగతొస్తే ఆయన నోటికి అడ్డుండదు. ఆయన చెప్పేది నేను నమ్మను. మీరు చెప్పండి. పైన ఏదన్నా అయితే దిగగలడా? మీరు సరేనంటే పంపుతా, లేదంటే ఇంటికి తాళమేసి చెవి చెరువులో పారేస్తా." రేషన్‌కార్డు కాయితం మీద కూడా అన్సార్ మాట చెల్లలేదు, గెజిటెడ్ సంతకం తెమ్మన్నారు. ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి మొగుడి ప్రాణానికి తన మాట అడుగుతోంది. "దిగగలడమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట వారం రోజులుగా ఒంట్లో వెచ్చగా తిరుగుతోంది, ఈ హల్వా గిన్నెలాగా. నిద్రలో కూడా. ఒక్కటే కొంచెం వెలితి, ఇవాళ్టితో ఆదివారాలైపోతాయి. వాడు ఎగురుతాడు, దిగుతాడు, మళ్ళీ పెద్దమనిషైపోతాడు. తొట్టిని విరగ్గొట్టి పొయ్యిలోకి పెట్టుకోవాలి. పోనీలే. మూడు నెలలు చాలు. కొందరికి అదీ దొరకదు.

నాలుగూ ఇరవై. వాడిప్పుడు ఆరు వేల అడుగుల మీద ఉంటాడు. అంత పైనుంచి కృష్ణ ఎట్లా కనిపిస్తుందో, నీలం గుడ్డ మీద జరీ పట్టీలాగా అనుకున్నాడు. కొణకంచి అడ్డరోడ్డు దగ్గర బస్సు ఆగింది. పెనుగంచిప్రోలు నుంచి తిరుపతమ్మను చూసుకొచ్చిన జనం, పసుపు బట్టలు, కొబ్బరి చిప్పలు, ఒక్కసారిగా తోసుకుని ఎక్కారు. అన్సార్ రెండు సీట్ల మధ్యకి నొక్కుకుపోయాడు. కిటికీ పక్కన నర్సు బట్టల్లో ఉన్న ఒకామె తలెత్తి చూసింది.

"ఆ సంచి ఇటియ్యండి బాబాయ్ గారూ, నేను పట్టుకుంటాగా."

ఇచ్చేశాడు. ఆమె మాట పూర్తికాకముందే, తను విన్నాననుకునేలోపే, భుజం వంగింది, చెయ్యి పట్టీ కిందకి దూరింది, సంచి గాల్లోకి లేచి ఆమె ఒళ్ళో ఉంది. ఆమె రెండు చేతులూ ముందే చాచి ఉన్నాయి. కిందపడుతుందేమో, ఆమె ఎవరో, దిగేటప్పుడు మళ్ళీ దొరుకుతుందో లేదో, ఏమీ అనుకోలేదు. ఎవరు అనుకుంటారు? ఈ దేశంలో ఎదుటివాడి భుజాన బరువుంటే చెయ్యి దానంతటదే చాస్తుంది, చాచిన చెయ్యి కనిపిస్తే భుజం దానంతటదే వంగుతుంది. ఇంటికొచ్చినవాడి చేతిలో సంచి అందుకోకపోతే అమ్మ తొడపాశం పెట్టేది. బండి దిగేవాడి బరువు అందుకోవడం మన...

వేడి తగులుతున్న చోట ఇప్పుడు ఖాళీగా, చల్లగా ఉంది.

చెయ్యే ఇచ్చింది. నేను కాదు.

అన్సార్ కడ్డీని రెండో చేత్తో కూడా పట్టుకున్నాడు. మూత. బెల్టు. లేచి నిలబడటం. తర్వాత? తర్వాత వాడి బొటనవేలు రొమ్ము మీది మూట కొక్కేనికి పోయేది. టక్కుమని. తర్వాత తొడల దగ్గర రెండు, టక్కు టక్కు. మూట రెండు చేతులతో పట్టుకుని ఇటు చాచేవాడు, ఎందుకు? ఇక్కడ నేను నిలబడి ఉన్నాను కాబట్టి. మొదటి ఆదివారం మూటతో సహా దొర్లి పడితే, తొమ్మిది కిలోల బరువు కదా, భుజం కమిలింది, మోకాలు పట్టేసింది, వాడి మొహం చూడలేక రెండో ఆదివారం తనే లేచెళ్ళి "ఇటియ్యరా, నేను పట్టుకుంటా" అన్నాడు. ఈ నర్సమ్మ అన్నట్టే. అదే గొంతుతో. వాడిచ్చాడు. ఆదివారానికి పదిసార్లు, పన్నెండు ఆదివారాలు. నూట ఇరవై సార్లు. నిలబడగానే లెక్క ఆపేశాను, ఆ తర్వాత జరిగేది లెక్కలోది కాదనుకున్నాను. చెయ్యికి లెక్క తెలుస్తుందా? చెయ్యికి తెలిసింది ఒకటే వరస. మూత, బెల్టు, మూట. వాడు చెప్పలేదా అంటే మొదటిరోజే చెప్పాడు, టీ తాగుతూనే చెప్పాడు, గోడౌన్లో తుమ్ముల మధ్య చెప్పాడు, "మూట మాత్రం సీట్లో విప్పకూడదురా, నేల మీదున్నా సరే, ఒంటి మీద చొక్కాలాగా దాంతోనే దిగాలి. సీట్లో విప్పడం అలవాటైనవాళ్ళు పైన కూడా విప్పేసి దూకారట." విన్నాడు. ఆహా అన్నాడు. బిస్కెట్టు ముంచుకున్నాడు. వాడికీ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం తెలిసిన ముండావాళ్ళమే, ఇద్దరం కలిసి వాడి చేతికి చావు నేర్పాం. అదీ ప్రేమగా. అదీ టీ ముందు.

దిగగలడమ్మా, అన్నాడు.

ఫోను తీశాడు. సతీష్‌ది స్విచ్ ఆఫ్, ఆ సంగతి ముందే తెలుసు, అయినా ఆ ఆడగొంతు చెప్పిందంతా చివరిదాకా విన్నాడు. రన్‌వే దగ్గర ఆశీర్వాదమని మెకానిక్కు ఉన్నాడు, అతని దగ్గర రేడియో ఉంది, పైనున్నవాడితో మాట్లాడగలడు. ఒక్క ముక్క చాలు, మూట విప్పకు అని. కానీ ఆశీర్వాదం నంబరు రాజ్యశ్రీ దగ్గరుంది. ఆమెకి చేస్తే బిజీ. మళ్ళీ చేస్తే బిజీ. ఈ గంటంతా ఆశీర్వాదాన్ని లైన్లోనే పెట్టుకుంటానంది కదా, ఏమవుతోందో వినాలి కదా. నవాబుపేట దాటింది. బిజీ. డ్రైవరు ఆవులను తప్పించబోయి బ్రేకు తొక్కితే బస్సంతా ముందుకి తూలింది, ఎవరో ఎవరినో తిట్టారు, అన్సార్‌కి మాత్రం ఒక చిన్న విమానం ముక్కు కిందకి వాలడం కనిపించింది, ఐదు వేలు, నాలుగు వేలు, మూడు, వాడు కాయితం మాట నిలబెట్టుకుంటాడు, వాడు అట్లాంటివాడే, మూత వదిలేస్తాడు, బెల్టు విప్పుతాడు, ఆరు లెక్కలో నిలబడతాడు, గాలి మొహాన కొడుతుంటే బొటనవేలు రొమ్ము మీదకి పోతుంది, టక్కు, టక్కు టక్కు, రెండు చేతులతో మూట ఇటు చాస్తాడు.

కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా కనపడుతోందని తెరిచాడు. బయట ఎప్పటిలాగే ఉంది. అంబారుపేట దగ్గర కొబ్బరిబోండాల బండి, ఒక ముసలాయన గొడుగు మూసి బస్సుకి చెయ్యెత్తాడు. ఇంజను బాగానే ఉంటుంది. ఏడేళ్ళు చేశాడు, రివెట్లు తను కూడా చూశాడు, ఒక్కటి వంకర లేదు, కుట్టు తెలిసినవాడికి రివెట్టు తెలియదా. ఏమీ కాదు. నూటికి తొంభైతొమ్మిది ఏమీ కాదు. కానీ రెహమాన్ అన్న లారీకి బ్రేకు వేస్తే కూడా నూటికి తొంభైతొమ్మిది సార్లు పడేది. ఆ ఒక్కసారి కోసమే కదా మూడు నెలలు అరిచింది. యా అల్లా, ఇంకొక్క ఆదివారం. ఆదివారాలైపోతున్నాయని వెలితి పడ్డాను చూడు, ఒక్కటి, ఒక్కటి చాలు, ఈసారి వాడు మోకాలు పట్టుకుని ఏడ్చినా కదలను. నాలుగూ యాభై ఎనిమిది. నర్సమ్మ ఒళ్ళో సంచి మీద రెండు చేతులూ వేసుకుని కునికిపాట్లు పడుతోంది, నిద్రలో కూడా గిన్నె ఒరగకుండా పట్టుకుంది. తప్పు ఆమెదీ కాదు, వాడిదీ కాదు. మంచితనం కూడా చూసి చెయ్యాలి కాబోలు, సూదితో పని చేసినట్టు.

నందిగామ. జనంలో దారి చేసుకుని దిగాడు, కిటికీలోంచి ఆమె సంచి అందిస్తే అందుకున్నాడు, ఆ చేతులే మళ్ళీ, ఏం చేస్తాం. తలతిప్పితే బస్టాండు గేటు పక్కన స్కూటీ, స్కూటీ మీద రాజ్యశ్రీ, ఫోను చెవికి అదిమిపట్టుకుని. ఆమె మొహంలో ఉన్నది ఏడుపో సంతోషమో అర్థం కాలేదు. కళ్ళు తడిగా ఉన్నాయి. పది అడుగుల దూరం నడవడానికి చాలాసేపు పట్టింది.

"దిగాడన్నయ్యా! ఐదు నిమిషాలైంది. ఇంట్లో కూర్చోలేక ఇటొచ్చేశా. మీతోనే మాట్లాడతాడట, నాతో కాదట, ఇదిగో" అని ఫోను చేతిలో పెట్టింది.

"ఏరా!" అంటున్నాడు వాడు, వెనక గాలి హోరు. "వెన్నరా, వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది. ఆరు వేల మీద రెండు చుట్లు. నీ సీటు చూడూ..."

"మూటేదిరా?"

"ఆఁ?"

"మూట. వీపు మీదుందా?"

బస్టాండులో ఎవరో విజయవాడ విజయవాడ అని అరుస్తున్నారు.

"నీకెవరు చెప్పార్రా?" అన్నాడు సతీష్, గొంతు దిగిపోయింది. "ఇంజను ఆపా. బెల్టు తీశా. నిలబడ్డా. నిలబడి... విప్పి ఇట్లా చాచా. ఆశీర్వాదం ఆ రెక్క అవతల చక్రాలకి దుంగలు పెడుతున్నాడు. తీసుకునేవాడు లేడు. మూట పట్టుకుని అట్లాగే నిలబడ్డారా, దిష్టిబొమ్మలాగా. అప్పుడు ఒళ్ళు చల్లబడింది. పైన నేను..."

"నేనే నేర్పా."

"ఇద్దరం నేర్చుకున్నాం వెధవలం."

అన్సార్ ఊపిరి వదిలాడు. వదులుతుంటే అది పక్కటెముకల లోపల్నుంచి, నాలుగున్నర నుంచీ పట్టి ఉంచిన చోటునుంచి, ఆగకుండా వస్తూనే ఉంది. బతికున్నాడు. నేల మీదున్నాడు. తప్పు కూడా నేల మీదే ఉంది, ఎక్కడుందో కూడా తెలిసింది, విప్పి మళ్ళీ కుట్టొచ్చు. కుట్టు తప్పితే విప్పి కుట్టడం తప్ప తనకింకేం వచ్చు ఈ లోకంలో.

"మళ్ళీ ఎప్పుడెగరాలి?"

"బుధవారం అనుకున్నా."

"ఎగరవు. ఆదివారం షెడ్డుకి రా. మొదటినుంచీ. పరుపులో ఇంకో జానెడు ఫోము కూరతా, మూటతోనే పడతావు, మూటతోనే లేస్తావు, మూటతోనే టీ తాగుతావు. లెక్క నిలబడినప్పుడు ఆపను, పడ్డాక రింగు మీద చెయ్యేస్తేనే ఆపుతా."

"మోకాలురా..."

"విరగనీ. కట్టు నేనే కుడతా. ఎన్ని ఆదివారాలైనా సరే."

"ఎన్నంటావు?"

"నూట ఇరవై సార్లు తప్పు చేశాం. లెక్కలు నీకొచ్చుగా, నా నోటుబుక్కు నీ దగ్గరే ఉంది" అన్నాడు. అవతల వాడు తుమ్మాడు. విమానంలో ఇంకా మిరపఘాటు ఉన్నట్టుంది. ఇవతల రాజ్యశ్రీ ఏమీ అర్థంకాక ఇద్దరి మాటలకీ మధ్యలో నిలబడి ఉంది. ఈ సంగతి ఆమెకి చెప్పాలి, అంతా చెప్పాలి, నా మాట తప్పమ్మా, వాడింకా దిగలేడు, దిగడం నేర్పుతున్నాం అని. తిడుతుంది. తిట్టాక హల్వా పెట్టుకుని తింటారు, మూత తీసే వేళ వచ్చేసింది కదా. తొట్టిని పొయ్యిలో పెట్టక్కర్లేదు. ఫ్రిజ్జు తలుపుకి బందు వదులైంది, రేపే బిగించాలి.

ఫోను తిరిగిచ్చాడు. రాజ్యశ్రీ కళ్ళు తుడుచుకుని, స్కూటీ స్టాండు తీస్తూ, అలవాటుగా రెండో చెయ్యి చాచింది.

"ఆ సంచి ఇటివ్వండన్నయ్యా, ముందు పెట్టుకుంటా."

అన్సార్ భుజం వంగబోయింది. సగం వంగి ఆగింది. సంచి పట్టీని మెడమీదుగా అడ్డంగా వేసుకుని, బిగించి, ఆమె వెనక ఎక్కి కూర్చున్నాడు.

"వద్దమ్మా. ఉండనీ. దీంతోనే దిగుతా."